బెంజమిన్ పక్క జాగ

సెప్టెంబర్ 12, శుక్రవారం

వచ్చే బుధవారానికి బెంజమిన్ పోయి ఏడాది. జ్ఞాపకార్థ ప్రార్థన ఇంట్లో కాకుండా సమాధి దగ్గరే పెట్టుకుందామని పాస్టరు అయ్యగారు అన్నారు. సరే అన్నాను. ఆయనకు ఇంటికంటే అక్కడే ఇష్టం. బతికున్నప్పుడూ అంతే. పొద్దున చాయ్ తాగి బొందలగడ్డకు పోతే మధ్యాహ్నం అన్నానికి నేను పోయి పిలుచుకురావాలి. రిటైరైన మగవాళ్లు పేపరు చదువుతారు, పేకాడతారు. నా మొగుడు సమాధుల వెనక మూలన కూర్చుని వయ్యారిభామ మొక్కలు పీకేవాడు. ఆయనను పెట్టిందీ ఆ మూలనే.

ఇవాళ పొద్దున పోయి చూసి వచ్చాను. వానలు మంచిగా పడ్డాయి. ఆదిలాబాద్ అడవి నుంచి ఆయన తెచ్చి చల్లిన గడ్డి నడుము దాకా లేచింది. గునుగు పువ్వు తెల్లగా, కొసకు కాస్త గులాబీ రంగు తిరిగి నిలబడింది. తంగేడు పూసింది. తుమ్మి పూల మీద తేనెటీగలు. నాలుగు దిక్కులా బిల్డింగులు, ముందర పెట్రోలు బంకు, మధ్యలో ఈ కాస్త జాగ. జిందగీ అంతా ఫారెస్టు నౌకరీ చేసిన మనిషి కరీంనగర్‌లో ఊపిరాడక ఈ పని పెట్టుకున్నాడని నేను అనుకునేదాన్ని. కాదట. "నా కోసం గాదే, వీటి కోసం" అని ఆ తేనెటీగలను చూపించేవాడు. కొన్ని ఈగలు తుట్టె కట్టవు, నేలలోనే తొలుచుకుని ఉంటాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క బొర్ర, బొర్ర చుట్టూ జల్లెడ పట్టినట్టు సన్నటి మట్టి. "టౌన్ల అంతట సిమెంటే. ఇవి ఏడికి పోవాలె రోజా?" అని నన్నే అడిగేవాడు, నేనేదో మున్సిపల్ కమిషనర్ అయినట్టు.

ఈ జూన్‌లో గింజలు చల్లింది నేనే. భయపడుతూ చల్లాను. ఆయన దాచిన డబ్బాలో ఒక్క గింజ కూడా మిగల్చకుండా బోర్లించాను. అన్నీ మొలిచాయి.

సాయంత్రం హుజూరాబాద్ పోతున్నాను, అక్కకు జ్వరం. మంగళవారం వస్తాను. సమాధికి పోయే దారి మీద గడ్డి పడి నడవరాకుండా ఉందని సుల్తానాబాద్‌లో ఉన్న మరిది సమ్మయ్యకు ఫోన్ చేశాను. ఆయనకు చెబితే పని అయినట్టే. దారి ఒక్కటే అన్నాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

హుజూరాబాద్. అక్కకు నయం. వాన.

సెప్టెంబర్ 16, మంగళవారం

మొరం పోశారు. మూల మొత్తం.

సెప్టెంబర్ 17, బుధవారం

ప్రార్థన అయింది. ఎర్ర మొరం మీద చాపలు పరిచారు, షామియానా కట్టారు. వచ్చిన ప్రతి ఒక్కరూ "ఎంత సాఫుగున్నదమ్మా" అన్నవాళ్లే. సమ్మయ్య తెల్ల అంగీ వేసుకుని పెండ్లికొడుకు తండ్రిలాగా తిరిగాడు. నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు.

"ముందుగాల గడ్డిమందు కొట్టిచ్చిన వదినా. అది ఎండకముందే వాన వడ్డది. గిట్ల గాదని ట్రాక్టరుకు బ్లేడు వెట్టి గీకిచ్చిన. బురద గావద్దని పైకెల్లి మొరం పోయిచ్చిన. అన్న చూస్తే ఎంత ఖుషైతుండెనో."

నేను తల ఊపాను. ఊపకపోతే ఏం చేస్తాను, అంతమందిలో.

అయ్యగారు ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఈగలు వచ్చాయి. మొరం మీద జానెడు ఎత్తున అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఒకచోట వాలి, కాళ్లతో గీకి, లేచి, మళ్లీ అక్కడే వాలుతున్నాయి. ఇల్లు ఇక్కడే ఉండాలి అన్నట్టు. చాప మీద కూర్చున్న చిన్నపిల్ల ఒకటి చెప్పుతో కొట్టబోయింది, వాళ్లమ్మ కళ్లు మూసుకునే చేయి పట్టి లాగింది.

నేను ఏడ్చాను. మొగుడి కోసం అనుకుని ముగ్గురు నలుగురు వచ్చి వీపు నిమిరారు.

సెప్టెంబర్ 18, గురువారం

వంటింట్లో నుంచి అట్లకాడ తీసుకుని పోయాను. పార పట్టుకుపోతే దారిలో ఎవరైనా అడుగుతారని. ఈగ ఎక్కడ వాలితే అక్కడ తవ్వాను. మొరం జానెడు మందం ఉంది, పైన రోలరు కూడా తిప్పారు. అరచేయి బొబ్బలెక్కింది. కింద నల్ల మట్టి తగిలింది కానీ బొర్ర లేదు, అణిగిపోయింది. అట్లకాడ వంగిపోయింది.

వెనక బండి ఆగిన చప్పుడు. సమ్మయ్య. షామియానా గుంజలు తీసుకుపోవడానికి వచ్చాడు.

"ఏం జేస్తున్నవ్ వదినా?"

"మీ అన్నను తవ్వుతున్న."

పాపం, మొహం తెల్లబోయింది. "గట్ల మాట్లాడకు వదినా, భయమైతది."

"మొరం పొయ్యమని ఎవలడిగిండ్రు నిన్ను?"

"నువ్వే గద ఫోన్ల అంటివి! చుట్టాలొస్తరు, జర మంచిగ కనవడాలె అని."

"దారి అన్న. దారి ఒక్కటే అన్న."

"దారి అన్నవ్. మంచిగ కనవడాలె అని గూడ అన్నవ్." సమాధి వైపు చేయి చూపాడు. "గునుగు నా చేన్ల మొలిస్తే నేను పీకి గట్టు మీదేస్త. గసొంటిది మా అన్న బొంద మీద నడుమెత్తు మొలిస్తే, ఆయనకు అడిగేటోడు లేడా అని నలుగురు అనరా? నాకు ఇజ్జత్ గాదా?"

గుంజలు అక్కడే వదిలేసి పోయాడు. అన్నంటే ప్రాణం ఆయనకు. వచ్చి తిట్టిన మనిషైతే నేనూ తిట్టేదాన్ని. ప్రేమతో చేసినవాడిని ఏమని తిట్టాలి?

సెప్టెంబర్ 19, శుక్రవారం

దారి గురించే అన్నాను. మంచిగా కనబడాలి అన్నది కూడా దారి గురించే.

ఏంజెల్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. "ఫొటోలు చూసిన అమ్మా, బాపు దగ్గర ఎంత నీట్‌గ చేయించిండు బాబాయి" అంది. పెట్టేశాను. కన్నబిడ్డకు కూడా చెప్పలేకపోయాను.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఆరాధన అయిపోయాక సంఘ పెద్ద మొండయ్య సార్ లేచి ప్రకటన చేశారు. హెడ్‌మాస్టరుగా రిటైరైన మనిషి, ఏం చెప్పినా బెల్లు కొట్టినట్టే. సమాధుల తోటలో వెనక మూల ఎట్లాగూ చదునైంది కాబట్టి అక్కడ టైల్స్ పరిపించి, బెంచీలు వేసి, రేకుల షెడ్డు కట్టాలని కమిటీ ఆలోచన. వచ్చే నెల ఐదున మీటింగు. నా వైపు చూసి, "మన సోదరుడు బెంజమిన్ జ్ఞాపకార్థం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. సమ్మయ్య లేడు, నయం.

బెంజమిన్ జ్ఞాపకార్థం సిమెంటు. ఆయన వింటే సమాధిలో నుంచి లేచి వచ్చి పేకాటకు కూర్చుంటాడు.

సాయంత్రం నుంచి గల్లీలో బతుకమ్మ మొదలైంది. ఎదురింటి యాదవ్వ పెద్దమ్మ ఇంటి ముందర ఆడవాళ్లందరూ చేరారు. నేను తలుపేసుకున్నాను. చప్పట్లు మాత్రం వినబడుతూనే ఉన్నాయి.

సెప్టెంబర్ 22, సోమవారం

విత్తనం దొరికితే చాలు. ముందు విత్తనం. మిగతాది తర్వాత చూద్దాం.

ఆదిలాబాద్‌లో మా పాత పక్కింటి గంగుబాయికి ఫోన్ చేశాను. బెంజమిన్‌కు గడ్డి గింజలు ఏరి పెట్టింది ఆమే.

"ఇప్పుడేడివి బాయీ గింజలు? గడ్డి దీపావళి దాటినంక పండుతది. గునుగు అంటవా, పత్తి చేన్లల్ల ఒక్కటి కానొస్తలేదు. అందరు మందే కొడుతుండ్రు. నేను గూడ కొట్టిన, కూలోళ్లు దొరకక." మళ్లీ తనే, "ఆయన పోయినంక నీకెందుకు గీ పరేషాన్?" అంది.

ఎందుకో నాకే తెలియదు.

సెప్టెంబర్ 24, బుధవారం

ఈగలు రాలేదు.

సెప్టెంబర్ 25, గురువారం

రాలేదు. మొరం అంచున నిలబడి చూసి వచ్చాను. ఆయన పోయిన రోజు కూడా నేను ఇంత ఒంటరిగా లేను. అప్పుడు పోవడానికి ఒక చోటు ఉండేది.

సెప్టెంబర్ 27, శనివారం

మార్కెట్లో గునుగు కట్టలు. ఎక్కడెక్కడి గుట్టల నుంచో కోసి ఆటోల్లో తెస్తున్నారు. రెండు కట్టలు తెచ్చి పేపరు మీద నలిపాను. చిటికెడు నల్ల గింజలు రాలాయి. మిగతాదంతా పచ్చి పువ్వు. చిటికెడుతో ఏం చేస్తాను? గుప్పెళ్లు కావాలి. ఆ మూలంతా మళ్లీ తెల్లగా పూయాలంటే గంపలు కావాలి.

సోమవారం సద్దుల బతుకమ్మ, ఆఖరి రోజు. ఆ సాయంత్రం టౌనంతా గునుగే. మనిషెత్తు పేర్చి మానేరులో వదిలేస్తారు. నీళ్ల పాలు. మర్నాడు పొద్దున మున్సిపాలిటీ వాళ్లు ట్రాక్టరులో ఎత్తి చెత్తకుప్పలో వేస్తారు.

చెత్తకుప్పలో వేసేదే కదా.

సెప్టెంబర్ 30, మంగళవారం

నిన్నటిది రాయాలి. రాయకపోతే ఇంకా పెద్దగా అనిపిస్తోంది.

యూరియా సంచి ఒకటి కడిగి చంకలో పెట్టుకుని మానేరు ఒడ్డుకు పోయాను. నా జన్మలో బతుకమ్మ దగ్గరికి పోలేదు. చిన్నప్పుడు అవ్వ మమ్మల్ని ఇంట్లో పెట్టి గొళ్లెం వేసేది, కిటికీలో నుంచి రంగులు చూసేవాళ్లం. యాభై ఏడేళ్ల వయసులో మొదటిసారి పోతే దొంగలాగా పోయాను.

పొద్దు గూకుతోంది. ఆడవాళ్లు పట్టుచీరలు తడుస్తున్నా లెక్కచేయకుండా నీళ్లలోకి దిగి వదులుతున్నారు. ఒక బతుకమ్మ తేలుతూ నా వైపు వచ్చింది. పైన దీపం ఇంకా వెలుగుతోంది. నేను మోకాళ్ల దాకా దిగి చేయి చాపాను. కింది వరసలో గునుగు పట్టుకుని గుంజాను. మొత్తం కూలింది. దీపం ఆరింది.

"ఏయ్! ఏం జేస్తున్నవ్?" ఎవరో అరిచారు. చుట్టూ మూగారు. "గౌరమ్మ మీద చెయ్యేస్తవా? సిగ్గులేదా?" "సంచి సుత తెచ్చుకున్నది సూడు." ఒకామె నా చేతిలో తడి పువ్వు లాగి నీళ్లలో వేసి దండం పెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు ఉన్నాయి. అది ఆమె పేర్చిన బతుకమ్మ.

యాదవ్వ పెద్దమ్మ తోసుకుంటూ వచ్చింది. "రోజా! నువ్వా?"

"గింజల కోసం పెద్దమ్మా."

"ఎవల గింజలే?"

మొరం అనాలా, ఈగలు అనాలా? నీళ్లలో నిలబడి, అంతమంది ముందర ఏం చెబుతాను? "బెంజమిన్‌వి" అన్నాను. పెద్దమ్మ నా సంచి లాక్కుని, "ఇంటికి నడువు" అంది. ఇంటిదాకా నా ముందర నడిచింది.

సమ్మయ్య ఏం చేశాడో నేనూ అదే చేశాను. ఒకరు ప్రేమతో పేర్చుకున్నది నా కంటికి ఉత్త గడ్డి.

అక్టోబర్ 1, బుధవారం

పొద్దున తలుపు కొట్టారు. యాదవ్వ పెద్దమ్మ. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. చేతిలో పాత చీర మూట ఉంది. నడింట్లో కూర్చుని విప్పింది.

"తొమ్మిదొద్దులు ఇంట్ల బతుకమ్మ పేర్చినం. గీ చీర మీదనే కాడలు కోసినం, రంగులద్ది ఆరవెట్టినం. దసరకు ఇల్లు దులుపుతుంటె అడుగున నల్లగ రాలున్నయి. గివేనా నువ్వు అడిగినయి?"

పసుపు, బియ్యపు గింజలు, రంగు అంటిన పూరేకుల మధ్య నల్లగా, నున్నగా, ఆవాలకంటే సన్నంగా గునుగు గింజలు. దోసెడు ఉంటాయి. నేను వేళ్లతో తాకి చూస్తూ కూర్చున్నాను.

"నీళ్లల్ల ఇడిసినయి మావి గావు, నీవి గావు, గంగమ్మవి. వాటి జోలికి పోవద్దు. ఇంట్ల రాలినయి అయితే ఊడ్చి పారబోసేటివే. నోరు తెరిచి అడిగితే అయిపోతుండె గద పిల్లా! గల్లీల అందరికి చెప్పిన. ఊడ్పు పారబోయకుండ్రి, రోజకు ఇయ్యుండ్రి అని."

అప్పుడు చెప్పాను అంతా. ఫోను, మందు, మొరం, ఈగలు. పెద్దమ్మ వింటూనే గింజల్లోంచి కాడలు ఏరింది. "ముందటేడు మీ ఆయన నాకు తంగేడు తెచ్చిచ్చిండు, బతుకమ్మకని. బొందలగడ్డల పూసింది గౌరమ్మకు పెట్టమని నేను తీస్కోలే. చిన్నవోయిండు పాపం" అంది.

నాకు ఆ సంగతి తెలియదు. ఇంటికి వచ్చి చెప్పలేదు ఆయన.

అక్టోబర్ 3, శుక్రవారం

సాయంత్రానికి చాటెడు అయ్యాయి. గింజలున్నాయి, నేల లేదు. ఎల్లుండి మీటింగు.

మొండయ్య సార్ ఇంటికి పోయి బతిమాలాను. "ఈగల కోసం టైల్స్ ఆపుమంటే కమిటీల నవ్వుతరమ్మా" అన్నారు. నిజమే, నవ్వుతారు. నేనైనా నవ్వేదాన్ని మొదట్లో.

అక్టోబర్ 4, శనివారం

నిద్ర లేదు, అన్నం లేదు. గింజల చాట మంచం కింద పెట్టుకున్నాను, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. దేవా, నాకు ఒక చారెడు నేల ఇవ్వు.

అక్టోబర్ 5, ఆదివారం

మీటింగులో చివర కూర్చున్నాను. టైల్స్ రంగు దాకా వచ్చింది మాట. గోధుమ రంగా, బూడిద రంగా అని. మురికి కనబడదు కాబట్టి బూడిద రంగు అన్నారు. అప్పుడు లేచాను. ఏమీ అనుకుని లేవలేదు. లేచాక నోటికి వచ్చింది.

"సార్, బెంజమిన్ పక్క జాగ ఎవలది?"

మొండయ్య సార్ కళ్లద్దాలు సవరించుకున్నారు. "నీదేనమ్మా. పెనిమిటి పక్కన పెండ్లానిది. అది మన రివాజు. అండ్ల అడుగుడేముంది?"

"మరి నా జాగ మీద టైల్స్ ఎట్లేస్తరు?"

"నువ్వింక ఉన్నవు గదమ్మా!"

అందరూ నవ్వారు. నేనూ కాస్త నవ్వాను. తర్వాత అన్నాను, "పోయినంక లేచొచ్చి అడుగుడు నాకు చాతగాదు సార్. గందుకే ఇప్పుడే అడుగుతున్న. నేనొచ్చేదాక నా జాగ మట్టిగనే ఉండాలె. దాని మీద ఏం మొలిస్తే అది మొలువనీయుండ్రి. అండ్ల ఎవ్వలు చెయ్యి పెట్టొద్దు."

ఎవరూ నవ్వలేదు. రివాజును కాదనడానికి ఎవరికీ నోరు లేదు. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. అంతే, అంతకంటే రాదు. ఇటుకలు పెట్టి వదిలేస్తామన్నారు.

ముందు వరసలో సాయవ్వ ఉంది. ఎనభై దాటింది, చెవులు సరిగా వినబడవు, ఆమె మొగుడి సమాధి బెంజమిన్‌కు అవతలి పక్కనే. పక్కామెను అడిగి సంగతి తెలుసుకుని కర్ర పొడిచి లేచింది.

"నాది గూడ గట్లనే ఉంచుండ్రి అయ్యా. టైల్సు కింద నాకు ఊపిరాడది."

మూల మొత్తం పోయింది. ఇంత గడ్డి, ఇంత తంగేడు, అంతా పోయింది. రెండు బొందలంత జాగ మిగిలింది. ఇంటికి వచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను.

అక్టోబర్ 6, సోమవారం

సమ్మయ్య గడ్డపార పట్టుకుని వచ్చాడు. ఎవరు చెప్పారో. నేరుగా మూలకు పోయాడు. రెండు జాగల మీదా మొరం పగలగొట్టి, తట్టల్లో ఎత్తి గేటు బయట పోశాడు. నల్ల మట్టి కనబడ్డాక చేత్తో పిసికి వాసన చూశాడు. ఒకచోట మందు వాసన వస్తోందని ఆ మట్టి కూడా తీసేసి, బండి మీద తెచ్చుకున్న తన పొలం మట్టి పోశాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

నేను చాట తెచ్చి చల్లాను. గింజలతోపాటు పసుపు, బియ్యం, రంగు పూరేకులు పడ్డాయి.

"పసుపేంది వదినా?"

"గునుగుతోనే వచ్చింది."

చేన్లో మొలిస్తే పీకేసే మనిషి, మోకాళ్ల మీద కూర్చుని గింజ మీద మట్టి కప్పాడు. పోయేటప్పుడు, "మొలుస్తదా?" అన్నాడు. తెలియదన్నాను. కోపం పోయిందా అంటే పోలేదు. చాయ్ మాత్రం ఇచ్చాను.

అక్టోబర్ 13, సోమవారం

మొలవలేదు.

అక్టోబర్ 18, శనివారం

మొలవలేదు. జూన్ దాకా మొలవదేమో. జూన్‌కు కూడా మొలవదేమో.

అక్టోబర్ 24, శుక్రవారం

టైల్స్ పని మొదలైంది. కోత మిషను చప్పుడుకు చెవులు పోతున్నాయి. బూడిద రంగు దుమ్ము లేచి బెంజమిన్ పేరు మీద పడుతోంది. కొంగుతో తుడిచాను. మళ్లీ పడింది.

చెంబుతో నీళ్లు చల్లబోతే నా జాగ నడుమన చిన్న రంధ్రం. చుట్టూ జల్లెడ పట్టినట్టు సన్నటి మట్టి. చీమలేమో అనుకున్నాను. మనసు ఊరుకోలేదు. చెంబు పక్కన పెట్టి ఇటుకల అంచు మీద కూర్చున్నాను. ఎండ నెత్తిమీదికి వచ్చింది. పనివాళ్లు అన్నానికి లేచారు, మిషను ఆగింది.

అప్పుడు లోపల నుంచి చిన్న మొహం ఒకటి పైకి వచ్చింది. నన్ను చూసి లోపలికి పోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది, ఈసారి భయపడలేదు, ఎగిరిపోయింది. ఏం పూలున్నాయని వచ్చిందో, ఎక్కడికి పోయి తెచ్చుకుంటుందో. నేను కదలలేదు. తిరిగి వచ్చి నేరుగా రంధ్రంలోకి దిగింది.

నా జాగలోకి నాకంటే ముందే ఒకరు దిగారు. బెంజమిన్‌తో చెప్పాను. గట్టిగానే చెప్పాను. పనివాళ్లు సద్ది డబ్బాలు పట్టుకుని నా వైపే చూశారు. చూడనీ.

నీళ్లు ఆ నడుమ భాగం వదిలి చుట్టూ చల్లాను.